బస్సులో అవ్వ చెప్పిన సంగతి

ఈ రోజు సాయంత్రం జమ్మలమడుగులో బడి వదిలాక ప్రొద్దుటూరు బస్సెక్కాను. మా బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఫోన్ చేసింది. మొదటిసారి ముట్టు వచ్చిందట, భయంతో ఏడుస్తోంది. నేను సైన్సు టీచర్ని.

"భయపడాకు. ఇది జబ్బు కాదు. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చుకో. కడుపునిండా తిను" అని గట్టిగానే చెప్పాను. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు. చూడనీ అనుకున్నాను.

ఫోన్ పెట్టేశాక, పక్కన కూర్చున్న అవ్వ నా మోచేయి పట్టుకుంది.

"టీచరమ్మా, నాకు ముట్టు నిలిచిపోయి పదేండ్లాయ. రెండు నెలల్నుంచి మళ్లీ కనపడ్తాంది. ఎవురికన్నా చెప్పాలంటే సిగ్గయితాంది."

"అవ్వా, అట్ల కనపడితే ఊరికే ఉండకూడదు. డాక్టరమ్మకు చూపియ్యాల. నేనూ వస్తా, పద."

బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. నర్సు అడగ్గానే అవ్వ తనే అంతా చెప్పింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, దాచుకోకుండా చెప్పి మంచిపని చేశావని అవ్వను మెచ్చుకుని, రేపు స్కానింగ్‌కు రమ్మంది. నేను ఫోన్ చేస్తే అవ్వ కోడలు పరుగున వచ్చింది.

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదత్తా?"

"నువ్వెప్పుడన్నా అడిగినావా?"

ఆ ప్రశ్న నాకూ తగిలింది. ఏటేటా పిల్లలకు ఈ పాఠం చెప్తాను గానీ, మా అత్తను ఒక్కసారీ అడగలేదు. ఇంటికి రాగానే అడిగాను. గంటసేపు మాట్లాడింది!

తన పేరు మాత్రం రాయొద్దని, మిగతాదంతా రాయమని అవ్వే చెప్పింది. మీరూ ఇంట్లో అడిగి, ఏమన్నారో కింద రాయండి.