వాసన లేని నెత్తళ్ళు

టచ్ ఫోన్లు మా వైపు అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో, శ్రీకాకుళం కాలేజీలకి ఏడాదికి ఒకసారైనా టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చేవాడు. "ఉద్యోగం అడుక్కునేవాళ్ళు కాకండి, పదిమందికి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు కండి" అని చెప్పి, మా చేత చప్పట్లు కొట్టించుకుని, చల్లటి కారెక్కి వెళ్ళిపోయేవాడు. అలా చెప్పడమే ఆయన ఉద్యోగం, దానికి నెలజీతం కూడా ఉంటుందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. పదిహేడేళ్ళ వయసులో మైకు పట్టుకుని ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. ఇప్పుడైతే మైకు కనబడితే చాలు, చెప్పులు వెతుక్కుంటాను. నా పతనానికి కారకులైనవాళ్ళని మనసులో వరసగా రాసి పెట్టుకున్నాను (నేను దేన్నీ మరిచిపోను, అది నా గుణం అంటాను నేను, రోగం అంటారు మా ఇంట్లోవాళ్ళు). ఆ వరసలో మొదటివాడు ఆ టై పెద్దమనిషి.

రెండోవాడు బస్సు కండక్టరు. మాది సముద్రం ఒడ్డు పల్లె. నాన్న వేట నుంచి తెచ్చిన చేపల్లో మిగిలినవాటిని ఇంట్లో ఆడవాళ్ళు ఇసకలో ఎండబెట్టేవారు. ఆ ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని నానమ్మ బస్సులో ఆమదాలవలస స్టేషనుకి, అక్కణ్ణుంచి ప్యాసింజరు రైల్లో చీపురుపల్లి సంతకి వెళ్ళి అమ్ముకొచ్చేది. నాకు తెలిసిన నాటి నుంచీ ఇదే. గంప బరువుకి ఆవిడ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి, కూచుంటే లేవలేదు, లేస్తే కూచోలేదు. ఒకరోజు నేను కాలేజీకి వెళ్తున్న బస్సే ఆవిడా ఎక్కింది. ముందు సీటు ఖాళీగా ఉంది. "ఏయ్ ముసల్దానా, ఆ కంపు గంప ఎనక్కి తీసుకెళ్ళు, నువ్వూ అక్కడే నిలబడు" అన్నాడు కండక్టరు. నా పక్కన కూచున్న క్లాసుమేటు చున్నీతో ముక్కు మూసుకుంది. ఆవిడ మా నానమ్మ అని నేను చెప్పలేదు. కిటికీలోంచి బయటకి చూస్తూ కూచున్నాను. (న్యాయానికి ఆ వరసలో నా పేరు కూడా ఉండాలి. కానీ రాసేదాన్ని నేనే కదా.) ఆ సాయంత్రం డిపో మేనేజరుకి మూడు పేజీల ఫిర్యాదు రాశాను. జవాబు రాలేదు. ఇప్పటికీ రాలేదు. మనుషులు మారరని అర్థమై, అసలు వాసననే లేకుండా చేసేద్దామని నిర్ణయించుకున్నాను.

ఇంటర్ రెండో ఏడాది పరీక్షలయ్యాయి. ఎండాకాలం వేట నిషేధం మొదలైంది. ఆ రెండు నెలలూ పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ముందే ఎండబెట్టి దాచుకున్న చేపలు అమ్ముకుంటేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఆ ఏడు నానమ్మ దగ్గర రెండు గంపల నెత్తళ్ళున్నాయి. వేలెడంత చేపలు, వెండి రేకుల్లా మెరుస్తున్నాయి. నేను వెళ్ళి పక్కన కూచున్నాను.

"నానమ్మా, ఈ ఏడు నెత్తళ్ళు నాకు ఒగ్గేయ్. నాను అమ్ముతాను. నువ్వు ఇంక గంపెత్తక్కర్నేదు."

"నువ్వేటి సేస్తావే గుంటా?"

"కవర్లలో ఏసి, గాలి సొరకుండా అతికించేస్తాను. వాసన్రాదు. బేగులో ఎట్టుకుని ముందు సీట్లో కూకుని ఎల్లొచ్చు."

"గాలి సొరకపోతే ఊపిరాడక పాడైపోతాయే."

"సచ్చిన సేపకి ఊపిరేటి నానమ్మా!"

చుట్టూ చేరిన ఇరుగుపొరుగంతా పకపకా నవ్వారు. గెలిచాననుకున్నాను. నానమ్మ మాత్రం నవ్వకుండా మోకాళ్ళు రాసుకుంటూ, "సరే, నీ సదువేటో నాకు తెల్దు. కాళ్ళు మాత్రం నొప్పెడతన్నాయి" అని రెండు గంపలూ నా వైపు తోసింది. ఆ రెండు నెలల తిండీ, ఆవిడ కాళ్ళూ, రెండూ నా చేతికొచ్చాయన్నమాట. నాకు భయం వెయ్యలేదు. అదే తలుచుకుంటే ఇప్పుడు భయం వేస్తోంది.

పని మొదలుపెట్టాను. ఇసకలో ఎండిన చేపకి ఇసక అంటుకుంటుంది కదా, అందుకని నెత్తళ్ళన్నిటినీ రెండుసార్లు కడిగాను (ఎండిన చేపని మళ్ళీ నీళ్ళలో ముంచింది మా వంశంలో నేనొక్కదాన్నే). మళ్ళీ ఎండలో వేస్తే వెండిరంగు పోయి పసుపెక్కుతాయని, ఇంట్లో చాప మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాను. మధ్యాహ్నమంతా కరెంటు లేదు. అయినా చేత్తో ముట్టుకుంటే పొడిగానే అనిపించాయి. కొవ్వొత్తి వెలిగించి, కవరు మూతిని రెండు రంపం బ్లేడ్ల మధ్య పట్టి అంచు కాలుస్తూ రెండు రోజులు అతికించాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. మా మావ (అమ్మ తమ్ముడు; నిషేధం రోజుల్లో పేకాట తప్ప వేరే పని లేని మనిషి) గుమ్మంలో నిలబడి చూసి, వీధంతా వినబడేలా అరిచాడు: "ఒరే, రండర్రా! మా మేనకోడలు కంపెనీ ఎట్టినాది! రేపట్నుంచి సముద్రానికి గేటెట్టి టిక్కెట్లు అమ్ముతాది!" ఆ రోజు నుంచి మా పల్లెలో నా పేరు 'కంపెనీ'. నా పెళ్ళికి పురోహితుడు వధువు పేరు అడిగితే, వెనకనుంచి నలుగురు ఒకేసారి "కంపెనీ!" అన్నారు. ఆ నలుగురూ ఎవరో నాకు తెలుసు.

ప్యాకెట్టంటే లేబులుండాలి కదా. జిరాక్సు షాపు అతను కంప్యూటర్లో చాలాసేపు వెతికి, గాజు తొట్టెలో పెంచుకునే నారింజరంగు చేప బొమ్మ పెట్టాడు. పెద్ద కళ్ళు, విసనకర్ర లాంటి తోక.

"ఇది నెత్తలి కాదన్నా," అన్నాను.

"నెత్తలి బొమ్మ దొరకట్నేదమ్మా. సేప అని కొడితే ఇదే వస్తంది. ఏదైతే ఏటి, సేపే కదా!"

దాని కింద పెద్ద అక్షరాలతో 'వాసన లేని నెత్తళ్ళు' అని వేయించాను. చాలా గర్వంగా ఉండింది.

మొదటి సంతకి ఒక్కదాన్నే వెళ్ళాను. కాలేజీ బ్యాగులో ముప్పై ప్యాకెట్లు పెట్టుకుని బస్సులో ముందు సీట్లో కూచున్నాను. కండక్టరు ఏమీ అనలేదు. (నా వ్యాపార జీవితంలో నేను సాధించిన విజయం ఇదొక్కటే కాబట్టి విడిగా రాస్తున్నాను.) చీపురుపల్లి సంతలో ఒక మూల గోనె పరిచి ప్యాకెట్లు పేర్చాను. పక్క ఊరి నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. ఒకావిడ ప్యాకెట్టు పైకెత్తి, తిప్పి, నొక్కి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఏటివి పిల్లా ఇవి?"

"నెత్తళ్ళు పిన్నీ."

"ఏదీ ఇప్పు, సూద్దుము."

"ఇప్పకూడదు పిన్నీ, సీలేసినాం."

"సీలేటే? నెత్తలంటే ఇరిసి సూడాల. పుటుక్కుమంటే ఎండినట్టు, వంగితే పచ్చున్నట్టు. నువ్వు ఇరవొద్దు, ముట్టొద్దు, వాసన సూడొద్దు అంటే ఎలగ? ముసుగేసిన పెళ్ళికూతుర్ని అంటగట్టినట్టున్నాది!"

రెండో ఆవిడ లేబులు చూసి, "ఓలమ్మ, ఈ ఎర్రసేప మేం తినం" అంది. అది బొమ్మ మాత్రమే, లోపలివి నెత్తళ్ళే, వాసన అసలుండదు అని నేను నచ్చజెప్పబోయాను. ఆవిడ నడుం మీద చెయ్యేసుకుంది. "వాసన నేకపోతే మరెందుకే? నాను నెత్తళ్ళు ఏపితే మా ఆయన ఈది సివర్నుంచి పరిగెట్టుకొస్తాడు. వాసన నేకపోతే ఏటి సూసొస్తాడు, నా మొకమా?" ఇద్దరూ నవ్వుకుంటూ నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి తిరిగి అడిగారు: "ఈ సోటున కూకునే గంప ముసలమ్మ రానేదేటి? ఆవిడ సరుకైతే కళ్ళు మూసుకుని కొంటాం." ఆ గంప ముసలమ్మ మా నానమ్మే అని అప్పుడు చెప్పి ఉంటే నాలుగు ప్యాకెట్లయినా అమ్ముడుపోయేవి. పౌరుషం కొద్దీ చెప్పలేదు. ముప్పై ప్యాకెట్లు తీసుకెళ్ళాను, ముప్పై తీసుకొచ్చాను.

పదిరోజులు గడిచాయి. ఒకరోజు ప్యాకెట్లున్న డబ్బా తెరిచి చూస్తే అన్నీ చిన్న చిన్న తలగడల్లా ఉబ్బి ఉన్నాయి. లోపల మంచుపట్టినట్టు తడి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, కానీ దాచను: నాకు సంతోషం వేసింది. బడ్డీకొట్లో చిప్స్ ప్యాకెట్లు కూడా ఇలాగే ఉబ్బి ఉంటాయి కదా, కంపెనీ సరుకు లక్షణమే అది అనుకున్నాను. నానమ్మకి చూపిస్తే ఆవిడ ప్యాకెట్టుని వేలితో పొడిచి, "ఓలే, ఇది బతికినాదేటే?" అని అడిగింది. కంపెనీ సరుకు ఇలాగే ఉంటుందని చెప్పాను. ఈసారి సంతకి తనూ వస్తానంది. తన దగ్గర ఎప్పుడూ కొనేవాళ్ళకి తనే నచ్చజెబుతుందట.

మధ్యాహ్నం ప్యాసింజరు. ఎండకి బోగీ ఇనప పెనంలా కాలుతోంది. నిలబడ్డానికి కూడా చోటు లేదు. నానమ్మ తలుపు దగ్గర కమ్మీ పట్టుకుని, ఒక మోకాలి మీద నుంచి రెండో మోకాలి మీదకి బరువు మార్చుకుంటోంది. "కాసింత సోటియ్యండి బాబూ" అని రెండుసార్లు అడిగింది. ఎవరూ కదల్లేదు (ఖద్దరు చొక్కా ఆయన ఒకడు, పేపరు చదువుతున్నట్టు నటించాడు; పేపరు తలకిందులుగా ఉంది). రైలు పొందూరు దాటబోతుండగా నా బ్యాగులో 'టప్' మని ఒక చప్పుడైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా. ఆ వాసన ఎలాంటిదో నేను వర్ణించను. గంపలో చేపల వాసన దాని ముందు మల్లెపూలు. ముందు ఒక పిల్ల ఏడ్చింది. ఎవరో "ఎవుడో సచ్చిపోనాడర్రా!" అని అరిచారు. వడగాలికి మూసిన కిటికీలు తెరుచుకున్నాయి, పమిటలు, తువ్వాళ్ళు ముక్కుల మీదకెళ్ళాయి, ఖద్దరు చొక్కా ఆయన పేపరు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. రైలు తర్వాతి స్టేషనులో ఆగీ ఆగగానే మా వైపు సగం బోగీ ఖాళీ అయిపోయింది.

నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తున్నాను. నానమ్మ ఖాళీ బల్ల మీద కూచుని, నెమ్మదిగా కాళ్ళు రెండూ బారజాపి, వెనక్కి వాలింది. "హమ్మయ్య," అంది. "ఈ రైలెక్కడం మొదలెట్టినకాణ్ణుంచి ఇదే తొలిసారే గుంటా, కాళ్ళు సాపుకున్నాను. ఏడవకు. నువ్వూ సాపుకో."

చీపురుపల్లిలో దిగి, ప్లాట్‌ఫారం చివర చెట్టు నీడలో ప్యాకెట్లన్నీ చించి పోశాం. నానమ్మ ఒక్కొక్క నెత్తల్నీ వేళ్ళతో విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మంచివి ఏరింది. దోసెడు మిగిలాయి. తక్కినవి అక్కడే గొయ్యి తీసి పూడ్చాం. ఇంటి దగ్గర మిగిలిన ప్యాకెట్లకీ తర్వాత అదే గతి పట్టింది. మా ఇంటి రెండు నెలల తిండి అది. ఆ నిషేధం రోజులన్నీ మేం గంజీ పచ్చిమిరపకాయా తిన్నాం. సొంత సరుకు లేక, నానమ్మ ఎదురింటివాళ్ళ నెత్తళ్ళ గంప కూలికి నెత్తినెత్తుకుని మళ్ళీ అదే రైలెక్కింది. ఆ తర్వాత ఇంకో ఆరేళ్ళు ఎక్కింది. నేను ఆపగలిగిందేమీ లేదు.

అందరి మీదా నాకు ఫిర్యాదులున్నాయని చెప్పాను కదా, అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు నానమ్మ మీదే. ఆ నెత్తళ్ళ గురించి ఆవిడ పోయేవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే, నేనూ ఏదో ఒకటి ఎదురు చెప్పి, ఇన్నాళ్ళలో ఎప్పుడో మరిచిపోయేదాన్ని. ఆవిడ ఆ అవకాశం ఇవ్వలేదు.

ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఏడుస్తున్న ఆ పదిహేడేళ్ళ పిల్ల నాకు ఇవాళ రైల్లో ఎదురైతే పక్కన కూచుంటానా? అబద్ధం ఎందుకు, కూచోను. అందరికన్నా ముందు పక్క బోగీలోకి పరిగెత్తేది నేనే. కానీ తర్వాతి స్టేషనులో దిగి, ఒక టీ కొని, ముక్కు మూసుకుని అయినా వెనక్కి వస్తాననుకుంటాను. వచ్చి, కాళ్ళు చాపుకోవే తల్లీ, బోలెడంత చోటుంది అంటాను.