శబ్దంగారికి వినపడనివి

మా రికార్డింగ్ ఇంజినీరుకి లోకంలో ఎవరికీ వినపడని శబ్దాలు వినపడతాయి. కన్నవాళ్ళు ఆయనకి మంచి పేరే పెట్టి ఉంటారు. కానీ పాట మధ్యలో చెయ్యెత్తి "ఆగండి, ఏదో శబ్దం" అనడం తప్ప ఆయన నోట మరో మాట విన్నవాళ్ళు తక్కువ. అందుకని మేమంతా ఆయన్ని శబ్దంగారు అనే పిలిచేవాళ్ళం.

ఆయన రికార్డింగ్ గది ఒక పాత భవనం అడుగున ఉండేది. కిటికీ లేదు, ఎండ లేదు, గోడల నిండా చెమ్మ. అందులోకి దిగితే జోలపాట కూడా సంతాపసభలా వినిపించేది. టిక్కుమంటోందని గోడ గడియారాన్ని బయటికి గెంటారు. గుర్రుమంటోందని ఫ్రిజ్జు ప్లగ్గు పీకేసేవారు. లోపల పాలు విరిగిపోతే, "విరిగినా చప్పుడు చెయ్యలేదు, మంచి పాలు" అన్నారు. ఒక గిటారిస్టు చేత గంజిపెట్టిన చొక్కా గరగరలాడుతోందని విప్పించి, బనీనుతోనే వాయింపించారు. శబ్దంగారి ఆవిడ మాత్రం, "చీమ నడిస్తే వినపడే చెవులే బాబూ. గ్యాస్ బండ మార్చమని నేను అరిస్తేనే వినపడవు" అనేది.

నేను అక్కడ కీబోర్డు వాయించేవాణ్ణి. రోజూ ఉండేవాణ్ణి కాబట్టి నేరాలన్నీ నా నెత్తినే పడేవి. మొదట నా కుర్చీ, తర్వాత నా చెప్పులు, చివరికి నా కుడి మోకాలు.

"నీ మోకాలు పలుకుతోంది."

"నాకు వినపడలేదండీ."

"నీకు వినపడితే నువ్వే ఇంజినీరువి అయ్యేవాడివి."

ఆ వానాకాలంలో మాకొక ఆల్బమ్ వచ్చింది. క్రైస్తవ పాటలు, కొత్త తరహావి. గిటార్లు, డ్రమ్ములు, ప్రభువుతో పక్కన కూర్చుని మాట్లాడినట్టుండే మాటలు. పాడే అమ్మాయిది కాలేజీ ఈడు. పాటలన్నీ వాళ్ళ నాన్న కట్టినవి. ఆయన వాళ్ళ చర్చిలో పాటల బృందానికి మాస్టారు. గొంతులో క్యాన్సరు వచ్చి స్వరపేటిక తీసేశారు. ఇక మాట లేదు, మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచే ఊపిరి. ఇప్పుడు జబ్బు తిరగబెట్టిందనీ, ఈసారి చెయ్యగలిగింది లేదనీ డాక్టరు చెప్పేశాడు. ఆల్బమ్ పూర్తవ్వాలి, నాన్న వినాలి. ఆ పిల్లకి అంతకు మించి కోరిక లేదు.

మిగతా పాటలన్నీ ఎలాగో గట్టెక్కాయి. ఆఖరి పాట దగ్గర బండి ఆగిపోయింది. అందులో నా కీబోర్డు, ఆమె గొంతు, అంతే. ఇద్దరం ఒకే గదిలో. "లోయ ఎంత లోతైనా నీ చెయ్యి నాకు తెలుసు" అని చరణం ఎత్తుకోవాలి. ఎత్తుకోగానే, పక్కగదికీ మాకూ మధ్య ఉన్న గాజు అద్దం వెనక శబ్దంగారి చెయ్యి లేచేది.

"ఆగమ్మా, శబ్దం. నీది కాదు. వీడి మోకాలు."

మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళం. "ఆగమ్మా, పైన ఎవరో బల్ల జరిపారు." మళ్ళీ మొదలు. మళ్ళీ నా మోకాలు. దానికి తువ్వాలు చుట్టించారు. తర్వాత కుర్చీ తీసేసి నిలబెట్టి వాయింపించారు. నిలబడ్డ మోకాలు ఇంకా గట్టిగా పలుకుతోందన్నారు.

"డాక్టరుకి చూపించుకో అన్నయ్యా" అని ఆ పిల్ల నా మీద జాలిపడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ ఇంట్లో మనిషి కరిగిపోతుంటే, ఇక్కడ ఈయనకి నా మోకాలే దొరికిందా అనుకున్నాను.

ఆయన టీకి వెళ్ళినప్పుడు, నా మోకాలి పరువు నిలబెట్టుకుందామని ఆపేసిన టేకులన్నీ పెట్టుకుని విన్నాను. మోకాలు లేదు. బల్లా లేదు. ప్రతిసారీ చరణం ఎత్తుకునే చోట ఆ పిల్ల గొంతు జీరపోయి, వణికి, విరిగింది. ఆ వెంటనే "ఆగమ్మా, శబ్దం." అనుమానమొచ్చి ఆ గిటారిస్టు పాత టేకులు కూడా తీసి విన్నాను. చొక్కా గరగర ఎక్కడా లేదు. తడబడింది అతని వేళ్ళే.

శబ్దంగారు టీ గ్లాసుతో వచ్చారు.

"ఇందులో శబ్దం ఎక్కడుందండీ?" అన్నాను.

ఆయన జుర్రుమని ఒక గుక్క తాగారు. "నీ గొంతు విరిగిందమ్మా అంటే ఆ పిల్ల ఇంటికెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. నీ మోకాలు విరిగిందంటే నీకేం పోయింది?"

నేను వెళ్ళి మోకాలికి తువ్వాలు మళ్ళీ చుట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల మైకు ముందుకి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఇక నావల్ల కాదు అంకుల్. ఈ పాట వదిలేద్దాం" అంది.

"చరణం ముందు ఎవరి కోసమో చూస్తున్నట్టు ఆగుతావెందుకమ్మా?"

ఆ పిల్ల తలవంచుకుంది. "చర్చిలో చరణానికి ముందు నాన్న గట్టిగా ఊపిరి పీల్చేవారు. అందరం దాన్ని విని అందుకునేవాళ్ళం. చిన్నప్పటినుంచీ అదే అలవాటు. ఇక్కడ అది రాదుగా. రాదని గుర్తొచ్చేసరికి ఏడుపొచ్చేస్తోంది."

"అయితే నాన్నగారిని తీసుకురా."

"రానంటున్నారు అంకుల్. ఆయన ఊపిరి ఇప్పుడు ఈలలా చప్పుడు చేస్తుంది. నాన్న నవ్వుతారని మీ చెవుల సంగతి నేనే చెప్పాను."

శబ్దంగారి ముఖం వాడిపోయింది. ఇన్నేళ్ళ పరాచికంలో తన చెవులకున్న ఆ పేరు ఆయన్ని నొప్పించడం నేను చూసింది అప్పుడే.

మర్నాడు కుంభవృష్టి. ఆయనే కారు వేసుకుని వెళ్ళి మాస్టారిని తీసుకొచ్చారు. మనిషి ఎముకల గూడు. మెడకి పల్చటి తెల్లగుడ్డ. మెట్లు దిగేసరికి ఆయాసంతో మెడలోంచి ఈల వేసినట్టు చప్పుడు. ఆయన సిగ్గుపడి, గుమ్మం దగ్గరే ఆగి, బయటే కూర్చుంటానని సైగ చేశారు.

"ఎందుకండీ?" అన్నారు శబ్దంగారు. "నాకేం వినపడటం లేదే."

చీమ నడక వినే మనిషి ఆ మాటన్నారు. అని, నాకు నిషేధించిన ఆ కుర్చీనే తెచ్చి, మైకు పక్కన, ఆ పిల్ల మోచెయ్యి తగిలేంత దగ్గరగా వేశారు. నేను మామూలుగానే నిలబడ్డాను.

పల్లవి అయింది. మాస్టారు చెయ్యెత్తి సర్రున ఊపిరి పీల్చారు. ఆ పిల్ల అందుకుంది. గొంతు వణికింది గానీ విరగలేదు. పైన ఎవరో ఈసారి నిజంగానే బల్ల జరిపారు. శబ్దంగారి చెయ్యి లేవలేదు.

మాస్టారు ఆల్బమ్ అంతా విన్నారు. ఆఖరి పాట మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారట. వానలు తగ్గకముందే ఆయన సమాధి దగ్గర గొడుగుల కింద నిలబడి అందరం ఆ పాటే పాడాం. నాకు చాలా దిగులేసింది. ఇప్పటికీ వాన పడితే వేస్తుంది.

ఆ పాటలో చరణం ముందు ఊపిరి అలాగే ఉంది. కొందరు అదేదో కొత్త వాద్యం అనుకుంటారు. పాటంతా అయిపోయాక, చిట్టచివర టక్కుమని ఇంకొకటి వినిపిస్తుంది. అది నా కుడి మోకాలు. అంతసేపు నిలబడి, హమ్మయ్య అని ఒరిగినప్పటిది. విడుదలకి ముందే బతిమాలుకున్నాను.

"శబ్దంగారూ, ఇది తీసెయ్యండి. ఈసారి నిజంగా నాదే."

ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పాట చివరిదాకా విన్నారు.

"ఏం శబ్దం?" అన్నారు.