రొయ్యల మందు తాగిన సత్తియ్య

ఆ నెలలో సత్తియ్య చెరువు గట్టు మీద తిరిగిన తిరుగుడు సాగదీస్తే అన్నవరం కొండకి ఆరుసార్లు వెళ్లి రావచ్చు. కూర్చుంటే కడుపులో తిప్పు, పడుకుంటే ఒళ్లంతా దురద.

తొంభై అయిదులో భీమవరం దగ్గర జగపతిరాజుగారి రొయ్యల చెరువుకి అతను కాపలా. రొయ్యలకి జబ్బు చేస్తే మేతలో పసుప్పచ్చటి యాంటీబయాటిక్ పొడి కలిపేవారు. అది తిన్న రొయ్యలు మర్నాటికల్లా మీసాలు దువ్వుకుంటూ లేచొస్తాయని సత్తియ్య ఒట్టేసి చెప్పేవాడు.

నీళ్లలో నానీ నానీ అతని కాలికి పుండు పడింది. ఆసుపత్రికి వెళ్తే చెరువెవరు చూస్తారు? షెడ్డులో డబ్బా తెరిచి, రోజూ ఓ స్పూను పొడి నీళ్లలో కలిపి తాగాడు. పుండు మానింది. లోపల ఇంకేమైనా ఉంటే అదీ పోతుందని తాగడం ఆపలేదు.

కళ్లు పచ్చబడ్డాయి. పెళ్లాం లోవలక్ష్మి మూడుసార్లు పసరు తాగించింది. పసరు తాగొచ్చి మళ్లీ పొడి తాగాడు. చివరికి రాజుగారే జీపులో పాలకొల్లు తీసుకెళ్లారు.

"లివర్ బాగా దెబ్బతింది. ఏం మందులు వాడావు?" అన్నాడు డాక్టరు.

"ఏం లేదండి."

"అదేంటో తెలిస్తే ఆపించొచ్చు. తెలియకపోతే ప్రాణానికి నేను పూచీ కాదు."

సత్తియ్య లేచి కూర్చున్నాడు, పడుకున్నాడు, మళ్లీ లేచాడు. పక్కనే రాజుగారు. అయిదేళ్లలో అడక్కుండా ఒక్క రొయ్య ముట్టుకోలేదు. ఇప్పుడు దొంగననిపించుకోవాలా?

"ఏంటా దిక్కులు చూడ్డం? చెప్పి చావు!" అంది లోవలక్ష్మి. వెంటనే నాలుక్కరుచుకుని, "చావకుండా చెప్పు!" అంది.

"మన షెడ్డులో రొయ్యల పొడండి, రోజుకో స్పూను. మధ్యలో మూడుసార్లు పసరు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "రొయ్యల మందా?"

"ఆయ్. వాటికి బాగానే పనిచేసిందండి."

"ఇవాళ్టి నుంచి అది బంద్. పసరు కూడా. వార్డులో ఉండు, రక్తం పరీక్షలు చేస్తూ చూద్దాం. టైముకే వచ్చావు."

సత్తియ్య తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. రాజుగారు తిట్టలేదు. కుర్చీలో ఇటు జరిగారు, అటు జరిగారు. గొంతు తగ్గించి, "డాక్టరుగారూ, పంటినొప్పికని నేనూ ఆ పొడే చిటికెడు చొప్పున... నెల నుంచి... ఫర్వాలేదాండి?" అన్నారు.

డాక్టరు టార్చిలైటు తీశాడు.

"ఇలా రండి రాజుగారూ. పైకి చూడండి."

నెల రోజుల్లో మొదటిసారి సత్తియ్య కదలకుండా పడుకున్నాడు.