మా సందులోకి తిరిగిన స్వాతంత్ర్యం

మా పెదనాన్నకు సైకిళ్లు బాగుచేయడం పొట్టకూటికి. స్వాతంత్ర్య దినం ఊరేగింపులో పెద్ద డ్రమ్ము వాయించడం ప్రాణం. దాన్ని మెడకు తగిలించుకుంటే ఎదురుగా కొండ ఉన్నా కనబడదు. పక్కనుంచి తొంగిచూస్తే ముందువాడి మడమలు కనిపిస్తాయి. వాటి వెంటే నడుస్తాడు.

పోయినేడు ఆ మడమలు ఆగినా ఈయన ఆగలేదు. ముందువాడు వెళ్లి వేదిక మెట్లమీద బోర్లాపడ్డాడు. కమిటీ ప్రెసిడెంటుగారు మండిపడ్డారు.

"ఇంకొక్కసారి తప్పు జరిగితే డ్రమ్ము మీ అల్లుడిదే!"

"పోనీ ఇచ్చెయ్యరాదూ?" అంది పెద్దమ్మ.

"వాడికా? దోమల్ని కొట్టినట్టు కొడతాడే వాడు!"

ఈ ఏడు ముందు నడిచింది బాకా ఊదే సెలూన్ మావయ్య. మలుపు దగ్గర ఆయనకు ఠక్కున గుర్తొచ్చింది. సగం గీసిన గడ్డంతో ఒకాయన్ని కుర్చీలోనే వదిలేసి వచ్చాడు! సెలూన్ మా సందులోనే. బాకా చంకన పెట్టుకుని, మైదానం దారి వదిలి అటు తిరిగాడు. మడమల వెంట డ్రమ్ము తిరిగింది. డ్రమ్ము వెంట బడిపిల్లలు, జెండాలు, ప్రెసిడెంటుగారు, చివరికి రంగుకాగితాలు అంటించిన లారీ కూడా తిరిగి సందులో ఇరుక్కుంది.

నేను కిటికీ చాటునుంచి చూస్తూనే ఉన్నాను. ఆరేసిన చీర డ్రమ్ముకు చుట్టుకున్నా పెదనాన్న వాయిస్తూనే ఉన్నాడు.

"ఏమండీ, ఎక్కడికండీ?" అని అరిచింది పెద్దమ్మ.

"మైదానానికి!"

"ఇది మనిల్లండీ!"

డ్రమ్ము ఆగింది. పక్కనే నడుస్తున్న అల్లుడు దానికోసం అప్పుడే చేతులు చాపాడు.

ఇంతలో సందంతా బయటికొచ్చి చప్పట్లు కొట్టింది. ఊరేగింపు ఎన్నడూ తొంగిచూడని సందు మాది. "అయ్యా, ఈ ఏడు మామీద దయ కలిగిందేం?" అని ఎదురింటి మామ్మ మంచంమీదనుంచే అడిగింది.

డ్రమ్ము వెనక గొర్రెలా వచ్చానని ప్రెసిడెంటుగారు ఎలా చెప్తారు? మైకు అందుకున్నారు.

"పోరాటం రోజుల్లో మన వీరులు తలదాచుకున్నది ఈ సందులోనే! అందుకే వచ్చాం!"

"అవును, మా మంచం కిందే!" అంది మామ్మ వెంటనే.

తప్పే జరగలేదన్నాక డ్రమ్ము ఎలా లాక్కుంటారు? అల్లుడు చాపిన చేతులతోనే చప్పట్లు కొట్టాడు.

ఇక ప్రతి ఏడూ ఊరేగింపు ఇటే రావాలని తీర్మానించారు. వీరులు ఎవరింట్లో దాక్కున్నారన్నదానిమీద మాత్రం సందులో రోజూ తగువే. నిన్న పెదనాన్న ఒకాయన సైకిల్‌కి గాలి కొడుతూ అంటున్నాడు:

"చరిత్ర తెలిసినవాణ్ణి కాబట్టి తిప్పాను గానీ, లేకపోతే ఎవరు తిప్పుతారండీ?"