పసుపు దేశాలు

మా మేడమీద అద్దెకున్నవాళ్ల అమ్మాయి పోటీ పరీక్షలకు చదువుతోంది. ప్రొద్దుటూరులో ఎండలు ముదిరితే మేడమీద గది పెనంలా కాలుతుంది. అందుకని మధ్యాహ్నం అన్నం తిని పుస్తకాలతో కిందికి, మా వరండాలోకి వచ్చేస్తుంది. పుస్తకం నా చేతికిచ్చి, కళ్లు మూసుకుని అప్పజెబుతుంది. తప్పు పోతే నేను ఆపాలి. డెబ్బై దాటిన నాకు ఇలాంటి పని దొరకడం ఆ స్వామి దయే. ఒక్కరోజు కూడా బడిలో కూర్చోనిదాన్ని. ఇప్పుడు బడి పుస్తకాలే వచ్చి నా ఒళ్లో కూర్చుంటున్నాయి.

మొన్న అప్పజెప్పిన పాఠం రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సంగతి. అమెరికా ఒక పక్క, రష్యా ఒక పక్క గుంపులు కట్టడం, కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన మనలాంటి దేశాలు రెండు గుంపులకూ దూరంగా నిలబడటం. గడగడా చెప్పుకుంటూ పోయి, "అలీనత అంటే తటస్థత కాదు" అంది.

నేను ఆపాను. "తప్పు పోయినట్టుండాదే పాపా. రెండూ ఒకటే గదా?"

"కాదవ్వా, పుస్తకంలో చూడు. తటస్థత అంటే ఎవురు కొట్లాడుకుంటే నాకేంది అని గమ్మునుండేది. అలీనత అంటే ఎవురి గుంపులోనూ చేరకుండా, ఏ పనికా పని చూసి, ఇది సరి, ఇది కాదు అని మన నోటితో మనం చెప్పేది. పరీక్షలో అడిగేది ఇదే."

పుస్తకంలో అలాగే ఉంది. వేలు ఆ వాక్యం మీదే పెట్టుకుని ఉండిపోయాను. ఈ పాఠం నాకు పన్నెండేళ్లప్పుడు మా నాయన చెప్పాడు. అప్పుడు నాకు రెండూ ఒకటేలా అర్థమయ్యాయి. అలా అర్థం చేసుకునే ఒక జవాబు చెప్పాను. ఆ జవాబుతోనే నాకు బడి లేకుండా పోయింది.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. నాయన తాలూకాఫీసులో గుమాస్తా. నాకు చిన్నప్పటినుంచీ ఉబ్బసం. కాస్త దుమ్ము లేచినా ఊపిరి అందేది కాదు. అందుకే అమ్మ బడికి పంపలేదు. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టాక నాయనే చాప వేసి కూర్చోబెట్టి చదువు చెప్పేవాడు. తెలుగు, లెక్కలు, కొంచెం ఇంగ్లీషు. చివర్న పేపరు. ఆఫీసులో అందరూ చదివేశాక నిన్నటి పేపరు ఇంటికి తెచ్చేవాడు. మా ఇంట్లో లోకం ఎప్పుడూ ఒకరోజు వెనకే నడిచేది. జవాబు సరిగ్గా చెబితే "భేష్" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట అనేవాడు కాదు. ఆ ఒక్క మాట కోసం నేను రోజంతా కాచుకుని ఉండేదాన్ని.

పేపర్లో ఎప్పుడు చూసినా ఆ రెండు దేశాల గొడవే.

"యుద్ధంలో ఇద్దరూ ఒకే పక్క కొట్లాడినారు పాపా. గెలిచినాక ఇద్దరికీ పడల్యా."

"ఎందుకు పడల్యా నాయనా?"

"అది మనకు తెలిసేది గాదు. ఇప్పుడు ఎవురికి వాళ్లు దేశాలను పోగేసుకుంటాండారు. మనం మాత్రం యాడికీ పోము."

"పోకపోతే కొట్టరా?"

"కొట్టరు. మర్యాద గూడా చేస్తాండారు. అమెరికావాళ్లు గోధుమలు పంపిస్తాండారు. రష్యావాళ్లు ఉక్కు ఫ్యాక్టరీ కట్టిస్తాండారు."

ఆ గోధుమలే కంట్రోలు అంగట్లో రేషన్ కింద ఇచ్చేవాళ్లు. అమ్మకు వాటితో రొట్టెలు చేయడం చేతకాక, అవి అట్టముక్కల్లా వచ్చేవి. "ఈ రొట్టె తింటే మనం అమెరికా పక్క పోయినట్టు గాదా నాయనా?" అని అడిగితే నాయన నవ్వాడు. నాకు మాత్రం ఆ రొట్టె నమిలినంతసేపూ అదే అనుమానం.

ఒకరోజు ఆఫీసులో పాత కాగితాలతో పారేయబోతున్న ప్రపంచపటం తెచ్చాడు. గీతలే ఉన్నాయి, రంగుల్లేవు. ఆఫీసు పెన్సిలు ఒకటి ఇచ్చాడు. ఒక కొసన ఎరుపు, ఇంకో కొసన నీలం. "రష్యా గుంపుకు ఎరుపు, అమెరికా గుంపుకు నీలం పుయ్యి. నేను పేర్లు చెప్తా" అన్నాడు. చైనా ఎరుపు. పాకిస్తాను నీలం. మన దేశం దగ్గరికి వచ్చేసరికి పెన్సిలుకు మూడో కొస లేదు.

"మనకేం రంగు నాయనా?"

"నువ్వే చూడు."

నేను వంటింట్లోకి వెళ్లి గిన్నెలో పసుపు కలుపుకొచ్చాను. పుల్లకు దూది చుట్టి మన దేశానికి పూశాను. తర్వాత బర్మా, సింహళం, ఇండోనేసియా, ఈజిప్టు, ఘనా. యుగోస్లావియా దగ్గర చిక్కొచ్చింది. అది ఎర్రజెండా దేశమే అయినా రష్యా మాట వినదట. "అయితే ఎరుపా, పసుపా?" అంటే నాయన "ఎరుపు మీద పసుపు పుయ్యి" అన్నాడు. పూశాను. ఏ రంగూ కాకుండా పోయింది. పటమంతా చూసి నాయన "భేష్" అన్నాడు.

ఆ యేడే మా తమ్ముడికి పుట్టెంట్రుకలు తీయించాలనుకున్నారు. మా ఇళ్లల్లో మేనమామ పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి, మేనత్త కొంగు పట్టి ఆ వెంట్రుకలు రాలకుండా అందుకోవాలి. ఇద్దరిలో ఎవరు లేకపోయినా ఆ పని కాదు. మా మేనత్త ప్రొద్దుటూరులో, ఇప్పుడు నేనుంటున్న ఈ ఊళ్లోనే, ఉండేది. మేనమామ పులివెందుల. వాళ్లిద్దరికీ మా అమ్మ పెళ్లినాటినుంచీ మాటల్లేవు. ఎందుకని నాకెవరూ చెప్పలేదు. పెద్దయ్యాక అడిగితే అమ్మ ఒకటి చెప్పింది, అత్త ఇంకొకటి చెప్పింది. ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ ఇద్దరి దగ్గరనుంచీ ఒకే వారంలో నా బడి గురించి కార్డులు వచ్చాయి. పన్నెండో ఏటికి నా ఉబ్బసం తగ్గింది. మా ఊళ్లో పెద్దబడికి వెళితే మగపిల్లల మధ్య కూర్చోవాల్సి వస్తుందని అమ్మ భయం. ఇదంతా తెలిసి, "పిల్లను మా ఇంట్లో పెట్టుకుంటాను, ఆడపిల్లల బడి మా వీధి చివరే ఉంది" అని అత్త రాసింది. "మా పక్కింటామె పంతులమ్మ, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి తీసుకొస్తుంది" అని మామ రాశాడు. ఒకరికి సరేనంటే ఇంకొకరు మా గడప తొక్కరు. పుట్టెంట్రుకలకు ఇద్దరూ వస్తారు కదా, అప్పుడే మాట్లాడదాం అన్నాడు నాయన. నాకైతే ఏ ఊరైనా ఒకటే. బడి ఉంటే చాలు. రోజూ దీపం దగ్గర అదే మొక్కుకునేదాన్ని.

ముందురోజు ఇంటికి సున్నం కొట్టించారు. వచ్చినవాళ్లు చూడాలని, ఆ తడి గోడకే నా పటాన్ని గంజితో అతికించాను. మర్నాడు పొద్దున్నే మొదట చూసింది అత్త.

"ఏమిరా తమ్ముడూ, మన దేశాన్ని గూడ్క రష్యావోళ్ల చేతిలో పెట్టేసినావే?"

పరిగెత్తి చూద్దును కదా, నా పసుపు దేశాలన్నీ ఎర్రబడిపోయాయి. మనదీ, ఈజిప్టూ, ఘనా, అన్నీ. చైనాకూ మనకూ తేడా తెలియడం లేదు. నాకు ఏడుపొచ్చింది.

"సున్నం దాకింది వదినా" అంది అమ్మ. "పసుపుకు సున్నం తగిల్తే ఎర్రగాక ఏమైతాది? ఎర్రనీళ్లు కలిపేది అట్లనే గదా."

మామ అప్పుడే మొహం కడుక్కుని వచ్చాడు. అత్తవైపు చూడకుండా నాయనతో అన్నాడు: "యే గోడకు అంటిస్తే ఆ రంగు వస్తాది బావా. యే పక్కా చేరనోడు గూడ్క యాడో ఒక సోట ఆనుకోవాల గదా."

అది తనను అక్క పక్షం అని ఎత్తిపొడిచినట్టు నాయనకు తెలిసిపోయింది. నాకు మాత్రం పటం గురించే అన్నట్టు అనిపించింది. అవును కదా, పసుపు ఎందుకు పసుపుగా ఉండలేకపోయింది అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మంగలాయన వచ్చాడు. మామ ఒళ్లో తమ్ముడు, ఎదురుగా కొంగు పట్టుకుని అత్త. ఇద్దరి మధ్యా జానెడు దూరం లేదు.

"పిల్లోని తల గట్టిగా పట్టుకోమని చెప్పప్పా" అంది అత్త మంగలాయనతో.

"కొంగు ముందరికి జరపమని చెప్పప్పా. ఎంట్రుకలు కింద పడ్తాండాయి" అన్నాడు మామ, అదే మంగలాయనతో.

"ఇద్దరూ నా చెవుల్లోనే అరుస్తాంటే కత్తి యాడికి పోతాదో నాకే తెల్దు. కాసేపు గమ్మునుండండి సామీ" అన్నాడాయన. అందరూ నవ్వారు. వాళ్లిద్దరు కూడా నవ్వారు, చెరో పక్కకు తిరిగి.

భోజనాలయ్యాక అందరూ నడవలో కూర్చున్నారు. నా సంగతి వచ్చింది. ముందు అత్త చెప్పింది, తర్వాత మామ చెప్పాడు. మళ్లీ అత్త. గొంతులు పెరిగాయి. నాయన గోడకానుకుని తల వంచుకుని విన్నాడు. చివరికి అత్తే అంది: "మనకెందుకీ గొడవ? పిల్లనే అడుగుదాం. యాడికొస్తావు పాపా, ప్రొద్దుటూరుకా, పులివెందులకా?"

"ఆ, చెప్పనీ. పాప మాటే మాట" అన్నాడు మామ.

నాయన తలెత్తి నావైపు చూశాడు. సాయంత్రం చాప మీద ప్రశ్న వేసి చూసే చూపు అది. నా వెనక గోడకు పటం ఉంది. రెండు పెద్ద దేశాల్లో ఒకటి ఇటు రమ్మంటే, ఒకటి అటు రమ్మంటే ఏం చెప్పాలి? నాకు తెలిసిన ప్రశ్నే. ఇంత సులభమైన ప్రశ్న అడుగుతున్నారేమిటా అని కూడా అనుకున్నాను. చేతులు కట్టుకుని గట్టిగా చెప్పాను.

"ఏ పక్కకూ రాను."

నేను నాయన "భేష్" అంటాడని చూస్తున్నాను. అనలేదు. తప్పని కూడా అనలేదు. వాళ్లవైపు తిరిగి, "విన్నారు గదా" అన్నాడు. ఆ గొంతులో సంతోషం ఉందా, బాధ ఉందా, బరువు దిగినట్టుందా? ఇన్నేళ్లుగా ఆ రెండు మాటల్ని ఎన్నిసార్లు లోపల విన్నానో లెక్కలేదు. అయినా నాకు తేలలేదు.

"బాగనే నేర్పినావులేరా" అంటూ లేచి అత్త ప్రొద్దుటూరు బస్సుకు వెళ్లిపోయింది. మామ ముద్దనూరు మీదుగా పులివెందులకు పోయే బస్సు ఎక్కాడు.

అమ్మ నిమ్మచెక్క తెచ్చి గోడమీది పటాన్ని రుద్దసాగింది. పులుపు తగిలినచోట ఎరుపు పోయి మళ్లీ పసుపు తేలింది. మా అమ్మకు చదువు రాదు. తను రుద్దుతున్నది ఏ దేశమో తెలియదు. రుద్దుతూనే అంది: "నిన్ను అడిగింది పాఠం గాదు పాపా. యాడ ఉండి బడికి పోతావని అడిగినారు."

నాకు అప్పుడు వెలిగింది. "మల్లా చెప్పొచ్చా అమ్మా? కార్డు రాయొచ్చు గదా?"

"ఏమని రాస్తావు? అందరి ముందర ఏ పక్కకూ రానని చెప్పినావు. ఇప్పుడు ఒక పక్కకు పోతే అది నీ మాట అనుకోరు. మీ నాయన మాట అనుకుంటారు."

ఆమె తమ్ముడు ఒక పక్క, మొగుడి అక్క ఒక పక్క. నీకేం కావాలమ్మా అని ఆమెను ఎవరూ అడగలేదని ఇప్పుడు తడుతుంది. ఆ రోజు నాకూ తట్టలేదు.

ఆ వారం దాటగానే ప్రొద్దుటూరునుంచి అరడజను నోటుబుక్కులు వచ్చాయి. అది ఎలా తెలిసిందో, పులివెందులనుంచి ఒక డిక్షనరీ వచ్చింది. తర్వాత అత్త జామెట్రీ పెట్టె పంపితే, మామ పక్కింటి పంతులమ్మ దగ్గర పాత పాఠ్యపుస్తకాలు మూటగట్టి పంపాడు. అలా ఏళ్ల తరబడి. ఒకరిమీద ఒకరికున్న పంతమో, నామీద ప్రేమో, రెండూనో. ఇంట్లో కూర్చుని నేను చదివినదంతా ఆ రెండు ఊళ్లు పెట్టిన భిక్ష. ఇద్దరూ పోయారు. రోజూ పూజలో ఇద్దరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టుకుంటాను. ఎవరికి ముందు పెట్టాలో తేలక అలా అలవాటైంది.

నాయన ఆ తర్వాత కూడా చాప వేసి చదువు చెప్పాడు. ఎన్నోసార్లు "భేష్" అన్నాడు. ఆ రోజు సంగతి మాత్రం ఆయన ఎత్తలేదు, నేనూ అడగలేదు. నేను ఏదో ఒక ఊరి పేరు చెబితే, పిల్ల కోరిందని ఊపిరి పీల్చుకుని పంపేవాడేమో. లేక నేను అలా చెప్పడమే ఆయనకు కావలసిందేమో. ఎవరి గుంపులోనూ చేరకుండానే, ప్రొద్దుటూరులో బడి దగ్గర కాబట్టి అక్కడికి పోతాను, మామ మీద నాకేం కోపం లేదు అని నా నోటితో నేను చెప్పి ఉండొచ్చు కదా. పుస్తకం చెబుతున్నది అదేనా? అయితే నాయన నాకు సగం పాఠమే చెప్పాడా? లేక మొత్తం చెబితే నేను సగమే విన్నానా?

"అవ్వా! ఓ అవ్వా! పేజీ అంతా అప్పజెప్పినా గదా. రైటా, తప్పా?"

ఆ పిల్ల కళ్లు తెరిచి నావైపు చూస్తోంది. నా వేలు ఇంకా ఆ మొదటి వాక్యం మీదే ఉంది. తర్వాత చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా నేను వినలేదు.

"తెలీల్యా పాపా" అన్నాను. "ఆ అలీనత కాడ్నించి ఇంగోసారి చెప్పు."