నూతిలో మిగిలిన పరిగెలు

ఇది రాయకపోతే, మా ఊళ్లో పరిగెలనే చిన్న చేపలుండేవని చెప్పేవాళ్లే మిగలరు. బ్లీచింగ్ వాసన తగిలితే చాలు, నాకు ఆ ఉదయం గుర్తొస్తుంది.

ఊరి పక్కన పారే గెడ్డ ఎండిపోయిన ఏడాది, దోమ పురుగుల్ని తింటాయని మామ్మ అందులోని కొన్ని పరిగెల్ని మా పెరటి నూతిలో వేసింది. మా ఊళ్లో ఆ జాతికి అవే చివరి విత్తనం. తర్వాత ఊళ్లో వాంతులు మొదలయ్యాయని ఎవరో మాకు చెప్పకుండానే నూతిలో బ్లీచింగ్ కలిపేశారు.

కాసేపటికి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచాయి.

"మామ్మా, సూడు! నన్ను పిలస్తన్నాయి!" అని చప్పట్లు కొట్టాను.

"పిలుపేటే నీ మొకం! ఒసే, సేద దించు బేగి!"

చేద నీటిని తాకగానే అవి చెదిరిపోయేవి. చేతులు బొబ్బలెక్కేదాకా తోడాం. మంచినీళ్లు నింపిన గోలెంలోకి రెండే వచ్చాయి. సాయంత్రానికి అవీ తేలిపోయాయి.

మొప్పలు మండితే చేప ఊపిరి కోసం పైకొస్తుందని పెద్దయ్యాక గ్రంథాలయంలో చదివాను.

ఆ పుస్తకం వెతికి ఇచ్చిన అప్పలనాయుడు గారికి, మాతోపాటు తాడు లాగిన పక్కింటి రాములమ్మ అత్తకి, బతికున్నన్నాళ్లూ ప్రతి తొలకరికీ గెడ్డలోకి దిగి పరిగెల కోసం వెతికిన మా సూరమ్మ మామ్మకి నా కృతజ్ఞతలు.