నేను కోసిన కోడి

నలభై ఎనిమిది వేసవిలో నాకు పద్దెనిమిదేళ్లు. మా ఇల్లు చుట్టూ ముస్లిం ఇళ్లే ఉన్న శాలిబండలో. దేశ విభజన అల్లర్లకు ఉత్తరాది నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముస్లిం కుటుంబాలు మొఘల్‌పురాలో ఓ పాత దేవిడీ భవంతిలో తలదాచుకున్నాయి. ప్రతి ఆదివారం మా చర్చి ఆడవాళ్లు వాళ్లకు వంతులవారీగా అన్నం తీసుకెళ్లేవారు.

మా వంతు వచ్చిన రోజు, పస్తులున్న పిల్లలకు ఉత్త పప్పేం పెడతామని, అమ్మ చర్చి నుంచి వచ్చేలోపే మా పెరటి కోడిని కోసి కూర వండేశాను. మాంసం ఖసాయి దుకాణంలో తెచ్చాననుకుంది అమ్మ.

అమ్మా నేనూ దేవిడీకి వెళ్లి గిన్నె మూత తీయగానే పిల్లలు మూగారు. వాళ్ల నానమ్మ ముద్దుగా అడిగింది, “ముర్గీ కిస్నే కాటీ, బేటీ?” కోడిని కోసిందెవరని.

“మైనేచ్!” అన్నాను గొప్పగా. నేనే!

ముసలమ్మ ముఖం వాడిపోయింది. ముద్ద నోటిదాకా తెచ్చుకున్న మనవరాలి చెయ్యి పట్టుకుని ఆపేసింది. బిస్మిల్లా అని కోయని మాంసం వాళ్లు ముట్టరు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

“శాలిబండల పుట్టి గిది గూడ తెల్వదానే నీకు?” అంది అమ్మ పళ్లు కొరుకుతూ. నాకూ ఏడుపొచ్చింది.

ముసలమ్మే లేచి నా కళ్లు తుడిచింది. ఉత్త అన్నంలో ఉప్పు కలిపి పిల్లలకు తినిపిస్తూ, ఒక ముద్ద నా నోట్లోనూ పెట్టింది.

ప్రభువు ప్రేమ గురించి వాళ్లకు చెప్పాలని నాలుగు వాక్యాలు బట్టీపట్టి వెళ్లాను. ఒక్కటీ నోరు దాటలేదు.

మరుసటి ఆదివారం బతికున్న కోడిని చంకన పెట్టుకుని వెళ్లాను.